ఎవరి మాట? : ‘అన్నమయ్య’ నుంచి ‘ఓం నమో వేంకటేశాయ’ వరకు భక్తి చిత్రగీతాల్లో వక్తృసమస్య

వ్యాససంగ్రహం

కె. రాఘవేంద్రరావు దర్శకత్వం, ఎం.ఎం. కీరవాణి సంగీతం, నాగార్జున కథానాయకత్వం కలిసిన భక్తి చిత్రాల్లో ‘అన్నమయ్య’ (1997), ‘శ్రీరామదాసు’ (2006), ‘ఓం నమో వేంకటేశాయ’ (2017) పాటల సంపుటులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది ఎంతో ఆదరణ పొందినా అందులోని పాటలన్నీ ఒకే స్థాయిలో లేవు. చివరిది నిరాశపరిచింది. ఈ హెచ్చుతగ్గులకు కారణాన్ని బాణీల్లోనో భక్తిలోనో కాక, పాటలో మాట్లాడేది ఎవరన్న అంశంలో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అన్నమాచార్య సంకీర్తన, చిత్రగీతం, ఆల్బమ్ విమర్శ, కవినిబద్ధవక్త, ముద్ర, తాళ్లపాక.

ఉపోద్ఘాతం

రాజంపేటకు కూతవేటు దూరంలో, చెయ్యేటి తీరాన తాళ్లపాక ఉంది. పట్టణ శివార్లలో బోయనపల్లి దగ్గర, రహదారి పక్కన తిరుమల తిరుపతి దేవస్థానం నిలిపిన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. ఆ దారిన తిరుపతికి వెళ్లేవారిలో ఎక్కువమందికి ఆ విగ్రహాన్ని చూడగానే చెవిలో మెదిలేది రాగిరేకుల పాఠం కాదు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు. పదకవితను పాఠ్యాంశంగా చదివే విద్యార్థి సైతం సంకీర్తనను సినిమా పాటగా ముందు విని, ఆ తరువాతే పుటల మీద చూస్తున్నాడు. అందువల్ల 1997 నాటి ఆల్బమ్‌ను ‘సినిమా పాటలే కదా’ అని పక్కన పెట్టే వీలు తెలుగు శాఖలకు లేదు. అన్నమయ్యకు నేడు అత్యధికులు వినే వ్యాఖ్యానం అదే. వ్యాఖ్యానం అన్నాక అందులో ఒప్పులూ తప్పులూ ఉంటాయి, వాటిని విడదీసి చెప్పడం విమర్శకుల బాధ్యత.

ఆ బాధ్యత ఇంతవరకు సరిగా నెరవేరలేదు. ఈ ఆల్బమ్ మీద వెలువడే అభిప్రాయాలు సాధారణంగా రెండు కొసల దగ్గర ఆగిపోతాయి. ఒకటి జాతీయ పురస్కారాన్ని చూపి చేతులు జోడించేది. ఈ చిత్రానికి కీరవాణి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు, ఆ గౌరవం సముచితమే. రెండోది సంప్రదాయవాదుల ఫిర్యాదు: సినిమా అన్నమయ్యను పాడుచేసింది, అసలు బాణీలను చెడగొట్టింది. ఈ ఫిర్యాదు ముందుగా పరిశీలించదగినది. ఎందుకంటే అది అడగవలసిన ప్రశ్నను మరుగున పడేస్తోంది.

‘అసలు బాణీ’ అన్న భ్రమ

రాగిరేకుల మీద ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. 32,000 సంకీర్తనలు రచించినట్టు ప్రతీతి ఉన్న కవి రచనల్లో మనకు దక్కినవి 12,000కు పైగా. వాటిలో దేనికీ అన్నమయ్య పాడిన వరుస ఇదీ అని నిరూపించగల ఆధారం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు పాఠాన్ని పరిష్కరించి ప్రకటించిన తరువాతే వీటికి ఇరవయ్యో శతాబ్దపు గానజీవితం మొదలైంది. రాళ్లపల్లి వారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ కూర్చిన వరుసలే ఇప్పుడు సంప్రదాయంగా చెలామణి అవుతున్నాయి. రాగిరేకు చెప్పిన రాగాన్ని వీరందరూ అన్ని చోట్లా పాటించలేదు. ‘నానాటి బదుకు’ను రేవతి రాగంలో తప్ప ఊహించుకోలేని స్థితికి నేటి శ్రోతలు వచ్చారంటే అది నేదునూరి వారి ప్రతిభ, పదిహేనో శతాబ్దపు వారసత్వం కాదు. (ఆ పల్లవిలో ‘బదుకు’ అన్న పాత రూపాన్ని సవరించి ‘బ్రతుకు’ అని పాడేవారే ఇప్పుడు ఎక్కువ. రాయలసీమ పల్లెలో రేఫ లేకుండా పలికే మాటకు లేని సంస్కారాన్ని గాయకులు తెచ్చిపెట్టారన్నమాట.)

కాబట్టి కీరవాణి అసలు వరుసను చెడగొట్టారన్న ఆరోపణ నిలవదు. లేని దాన్ని చెడగొట్టడం కుదరదు. వరుస ప్రతి తరమూ కొత్తగా కూర్చుకోవలసినదే అయినప్పుడు, దాన్ని తూచడానికి మిగిలే కొలమానం ఒక్కటే: అది సాహిత్యానికి ఎంత పని చేసింది? సంకీర్తన సాహిత్యంలో మొట్టమొదట తేల్చుకోవలసింది, ఆ మాటలు ఎవరి నోటివి అన్నది.

కవి వేరు, వక్త వేరు

ఆనందవర్ధనుడు అర్థశక్తిమూలధ్వనిని వివరిస్తూ కవిప్రౌఢోక్తిని, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తిని వేరుచేశాడు. కవి తాను చెప్పేది ఒకటి, కవి కల్పించిన పాత్ర చెప్పేది మరొకటి. మమ్మటుడు వ్యంజనకు దోహదం చేసే అంశాలను చెప్పేటప్పుడు వక్తను, బోద్ధవ్యుడిని, అంటే ఎవరు, ఎవరితో అన్న రెంటినీ మొదట నిలిపాడు. ఎం.ఏ. తరగతిలో పరీక్ష కోసం వల్లించి మరిచిపోయే ఈ విభాగం అన్నమయ్య విషయంలో అత్యవసరమైన పనిముట్టు.

అధ్యాత్మ సంకీర్తనల్లో పెక్కింట వక్త కవే. అలసిపోయినవాడు, శరణన్నవాడు, కొండను చూసి పొంగిపోయినవాడు ఆయనే. శృంగార సంకీర్తనల తీరు అది కాదు. అక్కడ చెలికత్తె నాయికను చూసి చెప్పే మాటలుంటాయి, నాయిక నాయకుడిని నిలదీసే మాటలుంటాయి, దూతిక తెచ్చే కబుర్లుంటాయి. కవి చివరి చరణంలో వేంకటేశ ముద్రతో మాత్రమే కనిపించి తప్పుకొంటాడు. సంఖ్యలో శృంగార సంకీర్తనలే అధికం. అంటే తాళ్లపాక కవి తన జీవితంలో ఎక్కువ భాగం తనది కాని గొంతుతో, అందులోనూ స్త్రీ గొంతుతో మాట్లాడాడు. ఆయన ప్రతిభలో ప్రధానాంశం అదే.

కచేరీలో ఈ విషయం చిక్కు తెచ్చిపెట్టదు. దేవస్థానం ఐదు ఎల్.పి.లుగా తెచ్చిన ‘బాలాజీ పంచరత్నమాల’లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అన్నమయ్యను పాడినప్పుడు, ఆ మాటలు ఆమెవే అని ఏ శ్రోతా అనుకోడు. గాయని వక్త కాదని, ఆమె ఆ మాటలను మనకు అందిస్తున్నదని అందరికీ తెలుసు. జీవితచరిత్రాత్మక చిత్రంలో ఈ ఒప్పందం చెల్లదు. అక్కడ గొంతుకు ముఖం ఉంటుంది, ముఖానికి కథ ఉంటుంది. తెర మీద కవి పెదవులు కదిపితే ప్రతి పాటా కవి ఆత్మకథ అయిపోతుంది. 1946 నాటి ‘త్యాగయ్య’లో చిత్తూరు నాగయ్య స్వయంగా నటించి, పాడి ఒప్పించగలగడానికి ఆయన గాత్రం ఒక కారణమైతే, త్యాగరాజ కృతుల్లో మాట్లాడేది చాలా చోట్ల త్యాగరాజే కావడం మరో కారణం. అన్నమయ్య అంత సులువుగా లొంగే కవి కాడు.

నిలిచిన పాటలు

ఈ దృష్టితో 1997 ఆల్బమ్‌ను మళ్లీ వింటే హెచ్చుతగ్గులకు ఒక క్రమం దొరుకుతుంది. ‘అంతర్యామి’ పాట సఫలం కావడం యాదృచ్ఛికం కాదు. అందులో వక్త కవి, బోద్ధవ్యుడు స్వామి, సందర్భం జీవితపు చివరి అంచు. చిత్రంలోనూ అంతే. పాట లోపలి స్థితి, కథలోని స్థితి ఒక్కటై కూర్చున్నాయి. బాలసుబ్రహ్మణ్యం ఇక్కడ తన సహజమైన అలంకరణలను చాలావరకు పక్కన పెట్టారు. అలసట అన్న భావానికి గొంతు అదిరించడం సులువైన దారి. ఆయన ఆ దారి పట్టకుండా వాక్యాన్ని నెమ్మదిగా దించుతూ పాడారు. సంకీర్తనలో కోర్కెలను కోయలేని కట్లుగా, పాపపుణ్యాలను బరువైన బగ్గాలుగా చెప్పడం ఉంది. ‘బగ్గం’ అంటే లావుపాటి తాడు. తాళ్లపాక రైతుకు నిఘంటువు అక్కరలేని మాట. గంభీరమైన ఆధ్యాత్మిక నివేదన మధ్యలో పశువుల కొట్టం నుంచి వచ్చిన ఈ తాడును వాద్యఘోష కింద పూడ్చేయకుండా, అక్షరం అక్షరం వినబడేలా ఉంచడం స్వరకర్త చేసిన మేలు.

‘పొడగంటిమయ్య’, ‘అదివో అల్లదివో’ కూడా ఇదే కోవలోవి. రెండింటిలోనూ వక్త దర్శనానికి వెళ్లిన భక్తుడు. చిత్రం అతడినే చూపింది. ‘బ్రహ్మమొక్కటే’ సంగతి మరింత ఆసక్తికరమైనది. రాజు నిద్ర, బంటు నిద్ర ఒకటేనని చెప్పే ఆ సంకీర్తనకు ‘తందనాన’ అన్న ఆధారం జానపద కథాగానంలో వంతపాటకులు అందుకునేది. వంత ఉన్న పాటకు ఒంటరి వక్త చాలడు. అక్కడ మాట్లాడేది గుంపు. కీరవాణి బృందగానాన్ని ప్రయోగించి ఆ గుంపును చెవికి అందించారు. సమానత్వం గురించి ఉపన్యాసంలా మారే ప్రమాదమున్న పాట, పదిమంది ఒకేసారి పాడడం వల్ల ఉపన్యాసం కాకుండా తప్పించుకుంది.

వేటూరి సుందరరామ్మూర్తి కొత్తగా రాసిన ‘తెలుగు పదానికి’ గీతాన్ని కూడా ఈ వరుసలోనే చేర్చాలి. అన్నమయ్యలా రాయాలన్న ప్రయత్నం అందులో లేదు. అయిదు శతాబ్దాల తరువాత నిలబడి ఒక పుట్టుకను తలచుకునే కథకుడి గొంతు అది, దాని వక్త ఎవరో మొదటి మాట నుంచే స్పష్టం. రాగిరేకుల పాఠపరిష్కర్త ప్రభాకరశాస్త్రి వంశంలోనే పుట్టిన సినీకవి, ఆ రేకుల కవి మీద తీసిన చిత్రానికి పాట రాయడం ఒక చక్కని యోగం. ఆయన అనుకరణకు దిగకపోవడం ఆ వంశమర్యాదకు తగినట్టే ఉంది.

జారిన పాటలు, టంగుటూరు రాజు

ఇబ్బంది శృంగార సంకీర్తనల దగ్గర మొదలవుతుంది. ‘ఏమొకో’ పదాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. నాయిక పెదవి మీద కస్తూరి నిండి ఉంది. అది ఆమె తన విభుడికి రాసిన ఉత్తరమా అని చెలికత్తెల ప్రశ్న. ఆ తరువాత ఒక్కొక్క చరణంలో ఒక్కొక్క గుర్తు: కనుకొలకుల ఎరుపు, పయ్యెద దాటి వచ్చే వెలుగు, చెక్కిళ్ల మీద ముత్యాల్లాంటి చెమట. ప్రతి గుర్తుకూ ఒక ఊహ. చిట్టచివరి చరణంలో వేంకటపతి పేరు వచ్చేదాకా పొడుపు విడిపోదు. అంటే ఇక్కడ ముద్ర కవి సంతకం మాత్రమే కాదు, చెలులు అడిగిన ప్రశ్నకు జవాబు. ఇది ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నాలుగో ఆమెను చూసి, చనువుతో, కొంత ఎత్తిపొడుపుతో మాట్లాడుకునే మాట. చూపు స్త్రీలది, నవ్వు స్త్రీలది.

చిత్రంలో ఇది కవి పాత్ర గొంతు. రాజు ఎదుట కూర్చున్న పురుషుడు ఒక స్త్రీ శరీరాన్ని భాగభాగాలుగా వర్ణిస్తున్నట్టు వినిపిస్తుంది. బాలసుబ్రహ్మణ్యం ఎంత మృదువుగా పాడినా చెలికత్తె చనువు ఆ గొంతులోకి రాదు. అది గాయకుడి దోషం కాదు, పాటను ఒకే ముఖానికి కట్టేసిన పద్ధతి దోషం. వెనుక ఒక్క స్త్రీ కంఠాన్ని చేర్చినా, ప్రశ్నను ఒకరికీ ఊహను మరొకరికీ పంచినా పదం తన సహజస్థితికి వచ్చేది. చెలులు పలకవలసిన మాటలున్న ఇతర పదాల విషయంలోనూ ఈ చిక్కు తప్పదు. దీనికి తోడు, చిత్రంలో చాలా సంకీర్తనలు తునకలుగానే వినిపిస్తాయి. పల్లవికీ ఒక చరణానికీ పరిమితమైనప్పుడు మొదట పోయేది ముద్ర ఉన్న చరణమే. పొడుపు మిగిలి విడుపు పోవడం చిన్న నష్టం కాదు.

ఇక్కడ తాళ్లపాక చిన్నన్న ద్విపద ‘అన్నమాచార్య చరిత్రము’ చెప్పే ఘట్టాన్ని గుర్తు చేసుకోవాలి. సాళువ నరసింహుడు తాళ్లపాక పరిసరాల్లోని టంగుటూరిలో ఏలిక. అన్నమయ్యను ఆదరించినవాడు. ఆ శృంగారపదం విని ముగ్ధుడై, తన మీద కూడా అటువంటిది ఒకటి చెప్పమన్నాడు. కవి చెవులు మూసుకున్నాడు, సంకెళ్లు పడ్డాయి, స్వామి విడిపించాడు. ఈ కథను సాధారణంగా నరస్తుతి నిరాకరణగా చదువుతారు. అది నిజమే. అయితే రాజు చేసిన పొరపాటు సాహిత్యపరమైనది కూడా. పదంలో నాయకుడి చోటు ఖాళీగా ఉందని, అందులో తన పేరు పెట్టుకోవచ్చని ఆయన భావించాడు. చెలికత్తె ఎవరిని గురించి, ఎవరి వైపు నుంచి మాట్లాడుతున్నదో ఆయనకు పట్టలేదు. పేరు మారిస్తే పాట తనదవుతుందనుకున్నాడు.

చిత్రం ఈ ఘట్టాన్ని ఉత్సాహంగా తెరకెక్కించింది. విచిత్రమేమంటే, రాజుకు కుదరదన్న పనిని తానే కథానాయకుడి కోసం చేసింది. వేంకటేశుడు నాయకుడైన పదాలను యౌవనంలో ఉన్న అన్నమయ్య ప్రణయానికి వాడుకుంది. చిన్నన్న చెప్పిన బాలుడు ఉమ్మడి కుటుంబంలో పనులు చేస్తూ, గడ్డి కోసేటప్పుడు కొడవలితో వేలు తెగి, ఇల్లు విడిచి తిరుమల దారి పట్టినవాడు. సాంప్రదాయిక లెక్క ప్రకారం పదహారో ఏట, 1424లో, స్వామి సాక్షాత్కారం పొందినవాడు. ఆ కొడవలి, ఆ ఇల్లు ఆల్బమ్‌లో ఒక్క పాటకు కూడా వస్తువు కాలేదు. ‘సుభద్రాకల్యాణం’ రచించి తొలి తెలుగు కవయిత్రిగా ప్రసిద్ధి పొందిన తిమ్మక్క ఇందులో మరదలిగా, భార్యగా పాటల్లో ఆడుతుంది. ఆమె కవిత్వం చెప్పగలదన్న ఊహకు మాత్రం ఒక్క చరణమూ దక్కలేదు.

ఇంత చెప్పిన తరువాత, ‘ఏలే ఏలే మరదలా’ను ఆల్బమ్‌లోని వాణిజ్యపు రాజీగా తోసిపుచ్చుతారని పాఠకులు ఊహించవచ్చు. పరిశీలన అందుకు విరుద్ధమైన ఫలితమిస్తుంది. ఆ సంకీర్తన పుట్టుకతోనే సంభాషణ. బావ పిలుస్తాడు, మరదలు చాలు పొమ్మంటుంది. చిత్రంలో దాన్ని పురుష, స్త్రీ కంఠాలకు పంచారు. ముద్ర చెప్పే బావ వేరు, తెర మీది బావ వేరన్న అభ్యంతరం ఉండనే ఉంది. అయినా ఒక్క విషయంలో ఇది గంభీరమైన పాటలకంటే మూలానికి దగ్గరగా నిలిచింది. ఇద్దరి మాటలను ఇద్దరికీ ఇచ్చింది. సరసం, విసురు, ఎదురుమాట సంకీర్తనలో ఎట్లా మారుతూ వస్తాయో, పాటలోనూ అట్లాగే చేతులు మారతాయి. యుగళగీతమన్న సినిమా సంప్రదాయం ఇక్కడ పదకవితకు ద్రోహం చేయలేదు, సాయం చేసింది. భక్తి పేరుతో సినిమా పద్ధతులన్నిటినీ దోషాలుగా లెక్కగట్టే విమర్శ ఈ పాట దగ్గర ఆగి ఆలోచించాలి.

‘అస్మదీయ’ మాటా అంతే. ఇది వేటూరి రచన, రాజదంపతుల మీద చిత్రించిన గీతం. ప్రబంధ సమాసాల మీద సరదాగా స్వారీ చేస్తుంది. ‘తస్మదీయ’ అన్న ప్రయోగాన్ని పాణినీయులు ఒప్పరు. కానీ పాట పలికేది ఎవరు? లోకంలోని పాటంతా తన గురించే ఉండాలనుకునే రాజు. ఆయన ప్రణయగీతం ‘మాది’ అన్న మాటతో మొదలవడం, వ్యాకరణాన్ని కూడా తన ఏలుబడిలోకి తెచ్చుకోవడం పాత్రకు తగినవే. ఆల్బమ్ మొత్తంలో తేలికైన పాట ఇదే కావచ్చు. బలహీనమైన పాట మాత్రం కాదు. దాని చిత్రీకరణను గురించి ఇదే మాట చెప్పలేం.

లెక్కల మనిషి పాట

‘శ్రీరామదాసు’ ఆల్బమ్‌కు ఈ చిక్కు తక్కువ. కంచెర్ల గోపన్న కీర్తనల్లో వక్త ఒక్కడే, అతడు కవే. పైగా అతడి స్థితి నిర్దిష్టం. పాల్వంచ పరగణా తహశీల్దారు, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి తానీషా చెరసాలలో పడ్డవాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను స్తుతి అనడం కష్టం. అది జమాఖర్చు. ప్రాకారానికి ఇంత, పతకానికి ఇంత, వరహాల్లో పద్దు చదివి, ఆ ఆభరణాలు పెట్టుకుని కులుకుతున్నావా అని దేవుడిని దెప్పి, చివరకు దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానని బతిమాలుకునే మనిషి గొంతు. ఇందులో మూడు స్వరస్థాయులు ఉన్నాయి: గుమాస్తా, కోపగాడు, దీనుడు. చెరసాల ఘట్టం సిద్ధంగా ఉంది కనుక చిత్రంలో పాటకూ సందర్భానికీ ఎడం లేదు. అందుకే ఆ ఆల్బమ్‌లో రామదాసు మాటలున్న చోట్లే బలంగా నిలబడతాయి. నాయికానాయకుల యుగళగీతాల దగ్గర అది తన కాలపు ఏ సినిమా ఆల్బమ్‌గానైనా మారిపోతుంది. గోపన్న పేరు తీసేసి మరో కథానాయకుడి పేరు పెట్టినా ఆ పాటలకు వచ్చే నష్టం లేదు. టంగుటూరు రాజు కోరింది సరిగ్గా అటువంటి పాటనే.

ఈ ఆల్బమ్ మీద మరీ ఎక్కువసేపు నిలవనక్కరలేదు. దాని గెలుపు కథావస్తువు ఎంపికలోనే సగం నిర్ణయమైపోయింది.

మాట లేని భక్తుడు

2017 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఓం నమో వేంకటేశాయ’ మీద ఆశలు ఎక్కువ. దర్శకుడు, స్వరకర్త, కథానాయకుడు వారే. కొండ కూడా అదే. ఫలితం ఆ స్థాయిలో లేదన్నది సర్వత్రా వినవచ్చిన మాట. వయసు మీద పడ్డ పద్ధతి, పాతబడిన వాద్యకూర్పు, ప్రేక్షకుల అభిరుచిలో మార్పు అంటూ రకరకాల కారణాలు చెప్పారు. అవన్నీ కొంత నిజం కావచ్చు. కానీ స్వరకర్త ప్రతిభ తగ్గిందనడానికి ఆధారం కనబడదు. రాగాల మీద పట్టు, బృందగానాన్ని నిర్మించే నేర్పు ఇందులోనూ వినిపిస్తాయి. లోటు మరోచోట ఉంది.

కథానాయకుడు హాథీరామ్ బావాజీ. ఉత్తరాది నుంచి తిరుమల చేరి, స్వామితో పాచికలాడినట్టు ఐతిహ్యం ఉన్న భక్తుడు. ఆయన పేరుతో వెలసిన మఠం మహంతులు 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూశారు. చారిత్రకంగా ఇంత ప్రాధాన్యమున్న పేరు వెనుక తెలుగు వాఙ్మయం లేదు. ఆయనవిగా తెలుగునాట పాడుకునే సంకీర్తనలు లేవు. మొదటి రెండు ఆల్బమ్‌లకు పునాదిగా ఉన్నది ఇక్కడ లేదు. అన్నమయ్య, గోపన్న తమ వక్తలను తామే నిర్మించి ఇచ్చిపోయారు. సినిమా ఆ గొంతును నిలబెట్టుకుందా, పోగొట్టుకుందా అన్నది మాత్రమే ప్రశ్న. బావాజీ విషయంలో ఆ గొంతును గీతరచయితలు మొదటి నుంచి కల్పించాలి. ఇదే త్రయం 2012లో తీసిన ‘శిరిడి సాయి’కి కూడా ఈ సమస్య ఉంది. అయితే అక్కడ కథలో గురువు మాట్లాడతాడు, భక్తులు పాడతారు. ఇక్కడ భక్తుడే కథానాయకుడు. ఆయన గొంతు దొరక్కపోతే పాటకు నిలువు దొరకదు.

ఆ కల్పనకు బదులు ఆల్బమ్ ప్రధానంగా నామావళిని ఆశ్రయించింది. ‘అఖిలాండకోటి’, ‘వేయి నామాలవాడ’ వంటి ఎత్తుగడలే దాని ధోరణిని చెబుతాయి. సంబోధనల మీద సంబోధనలు, సంస్కృత సమాసాల మీద సమాసాలు పేర్చుకుంటూ పోయే స్తుతి అది. స్తుతిలో దోషం లేదు. విష్ణు సహస్రనామం కూడా నామావళే. కానీ సహస్రనామాన్ని భీష్ముడు అంపశయ్య మీద నుంచి ధర్మరాజుకు చెబుతాడు. వక్త, బోద్ధవ్యుడు, సందర్భం మూడూ ఉన్నాయి. ఈ పాటల్లో నామాలను పలికేది ఎవరు? బావాజీ కావచ్చు, అర్చకుడు కావచ్చు, దసరా పందిట్లో మైకు ముందు నిలబడ్డ ఏ భక్తబృందమైనా కావచ్చు. ఎవరైనా పాడగల స్తోత్రం భజనకు పనికివస్తుంది. ఒక మనిషి కథ చెప్పే చిత్రంలో మాత్రం అది ఎవరిదీ కాకుండా పోతుంది. వింటున్నంతసేపు చెవికి ఇంపుగా ఉండి, ఆగిన వెంటనే పాటకూ పాటకూ తేడా గుర్తులేకపోవడం ఈ ఆల్బమ్ శ్రోతలకు సాధారణానుభవం. అందుకు కారణం ఇదే. పాటలను విడదీసి గుర్తుపెట్టేది రాగం ఒక్కటే కాదు, మాట్లాడే మనిషి కూడా.

సినిమా పాట కథకు అనుబంధమేనని, దానికి కావ్యశాస్త్రపు కొలతలు ఎందుకని అడగవచ్చు. అనుబంధం కాబట్టే ఈ కొలత వర్తిస్తుంది. కథ ఉన్న చోట పాత్ర ఉంటుంది, పాత్ర ఉన్న చోట పాత్రకు తగిన మాట ఉండాలి. ఔచిత్యం గురించి క్షేమేంద్రుడు చెప్పినదానికి ఇంతకన్న సులువైన ఉదాహరణ తరగతి గదిలో దొరకదు.

బావాజీకి గొంతు కల్పించడం అసాధ్యమేమీ కాదు. ఐతిహ్యమే ఆ అవకాశాన్ని చేతిలో పెట్టింది. ఇద్దరు పాచికలాడుతున్నారు. ఒకడు హిందీ మాట్లాడే సన్యాసి, రెండోవాడు అప్పటికే తాళ్లపాకవారి తెలుగులో నోరు తిరిగిన దేవుడు. ఆటలో గెలుపు, ఓటమి, దొంగాట, అలక, పందెం, వాయిదా ఉంటాయి. రాత్రి గడిచిపోతున్నా మరొక్క ఆట అంటూ బతిమాలుకోవడం ఉంటుంది. ‘ఏలే ఏలే మరదలా’లో బావామరదళ్లు చేసిన పనే ఇక్కడ భక్తుడూ భగవంతుడూ చేయవచ్చు. భాష రాని ఆ సన్యాసి మొదటి పందెం ఓడినప్పుడు స్వామిని ఏ మాట అన్నాడో, స్వామి దానికి ఏమని బదులిచ్చాడో ఊహించి రాసిన పాట ఒక్కటున్నా, ఆ ఆల్బమ్‌ను తెరిచి మళ్లీ వినడానికి ఒక కారణం ఉండేది.